చప్పుడు లేని ఫ్యాన్

రెండూ తిరుగుతున్నాయి, ఒక్కటే వినిపిస్తోంది. జంషెడ్‌పూర్ సాక్చి బజారులో మేడ మీద కంప్యూటర్ దుకాణం, మే నెల సాయంత్రం, భీమశంకర్ ముందు బల్ల మీద రెండు కూలర్లు. కంప్యూటర్ లోపల ప్రాసెసర్ అనే బిళ్ళ నెత్తిన కూర్చుని దాని వేడిని లాగి గాలికి వదిలేసే లోహపు దిమ్మలవి, ఒక్కోదాని మీద ఒక్కో ఫ్యాను. పెద్దది అల్యూమినియంది, అరచెయ్యంత ఫ్యాను, మధ్యాహ్నం భోంచేసి పడుకున్న పెద్దమనిషి ఊపిరిలా ఒకటే మోత. చిన్నది రాగిది, చింతపండుతో తోమి తెచ్చినట్టు ఎర్రగా మెరిసిపోతోంది, దాని మీద ఫ్యాను అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదంతే, ఎంత జోరుగా తిరుగుతోందంటే రెక్కలే కనబడవు, చప్పుడు మాత్రం లేదు. అసలు తిరుగుతోందా అని వేలు దగ్గరగా పెట్టి చూశాడు, గాలి తగిలింది. ఎవడు చేశాడో గానీ మహానుభావుడు. "దోనో చాలూ కర్ దియా, అంకుల్. ఆరామ్ సే సునియే, జో శాంత్ లగే వహీ లగా దేంగే," అన్నాడు దుకాణం యజమాని నాగేంద్రబాబు, రెండూ నిదానంగా వినండి, ఏది నెమ్మదిగా ఉంటే అదే బిగిద్దామని. భాలుబాసాలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, ఎంత తెలుగులో మాట్లాడినా జవాబు హిందీలోనే చెప్తాడు. "ఇందులో వినడానికేముందిరా, చిన్నదే," అని తేల్చేశాడు భీమశంకర్. నాగేంద్రబాబు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, "పక్కా, అంకుల్? ఏక్ బార్ ఔర్ సున్ లీజియే, మై క్లిప్ లేకే ఆతా హూ," అని బిగించే క్లిప్పు కోసం కింద గోడౌనుకి దిగి వెళ్ళాడు. ఆ చూపు భీమశంకర్‌కి నచ్చలేదు. ఒక్క మాటలో తేలిపోయిన సంగతి, మళ్ళీ వినడమేమిటి? చెవి మీద చెయ్యేసుకుని చెప్పగలిగిన మనిషి ఈ టాటానగర్ మొత్తానికి ఒకడుంటే అది తను కాదూ?

కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. మనస్వి రావాలి. కూతురొచ్చి సరేనంటే బిగించడమే ఆలస్యం. అసలీ గొడవంతా కిటికీతో మొదలైంది. కళ్ళు కనబడని ఆడపిల్లల హాస్టలు ఒకటుంది, కాలేజీ నుంచి వచ్చాక మనస్వి వాళ్ళ కోసం చరిత్ర పాఠాలు చదివి కంప్యూటర్‌లో రికార్డు చేసి సీడీలు ఇస్తుంది. ఎవరూ అడగలేదు, జీతం లేదు, బత్తెం లేదు, అయినా పరీక్షలు ఆ పిల్లలవి కాదు తనవే అన్నంత హడావిడి. దీపాలు పెట్టే వేళకి అగ్రికోలోని క్వార్టర్‌లో ముందు గదిలో కూర్చుంటుంది, కిటికీలన్నీ మూసేస్తుంది, సీలింగ్ ఫ్యాను ఆపేస్తుంది, ఇక మొదలుపెడుతుంది. మే నెలలో! జంషెడ్‌పూర్‌లో! "కిటికీ ఎందుకే మూస్తావు, ఉడికిపోతావు," అంటే "చప్పుడు నాన్నా," అంటుంది. ఏం చప్పుడు, రోడ్డా అంత దూరం, పెరట్లో మామిడి చెట్టు తప్ప మరో ప్రాణి లేదు. అది నవ్వి పెదాల మీద వేలు పెట్టుకుంటుంది, ఆయన బయటికొచ్చేస్తాడు. చలికాలంలో వేయించిన కొత్త ప్రాసెసరు, వేగంగానే పని చేస్తుంది గానీ ఒళ్ళంతా వేడి, మూసిన గదిలో దానితో పాటు వచ్చిన ఫ్యాను ఇక నావల్ల కాదన్నట్టు గింజుకుని గింజుకుని, పాఠం మధ్యలో కంప్యూటర్ దానంతటదే ఆగిపోవడం. చదివింది చదివినట్టు పోవడం. పైగా హాస్టల్ మేడమ్ కబురు పెట్టింది, పోయినసారి సీడీలో దోమ రొదలా ఏదో ఉందిట, పిల్లలకి తలనొప్పి వచ్చి పాఠం వినలేకపోయారుట. భీమశంకర్ హెడ్‌ఫోన్ పెట్టుకుని పాఠం మొదట్నుంచి చివరిదాకా విన్నాడు. కూతురి గొంతు, ఎంత తీరుగా, ఎంత ఓపిగ్గా. దోమా లేదు, ఈగా లేదు. "వాళ్ళ ప్లేయరే పాడైంది," అని తీర్పు చెప్పేశాడు. మనస్వి ఎదురు చెప్పలేదు. నాన్న చెవికి ఆ ఇంట్లో ఎదురు లేదు. "అయితే కొత్త కూలర్ నువ్వే విని ఎంచు నాన్నా, నీకంటే చెవి ఎవరికుంది?" అంది. సగం పుస్తకం ఇంకా మిగిలే ఉంది, పరీక్షలు ముంచుకొచ్చేస్తున్నాయి, ఇప్పుడు ఈ కూలరు కూడా రొదపెడితే ఆ పిల్లలేం విని ఏం రాస్తారు? ఇంత పనీ తన చెవి మీద పెట్టింది పిచ్చిపిల్ల.

పెట్టదూ మరి, ఆ చెవి సంపాదించుకున్న పేరు అలాంటిది. ఇంజినీరు డిగ్రీ పుచ్చుకుని విజయనగరం నుంచి వచ్చి బ్లోయర్ హౌస్‌లో చేరిన రోజు, చెవుల్లో దూది కుక్కుకుని లోపలికెళ్ళాడు. బ్లోయర్ హౌస్ అంటే బ్లాస్ట్ ఫర్నేస్‌కి గాలి ఊదే చోటు, కంసాలి కొలిమికి తోలుతిత్తి ఉన్నట్టు ఉక్కు కొలిమికి ఇల్లంతేసి టర్బైన్లు, అవి పెట్టే మోత చెవితో వినేది కాదు, పళ్ళతో, రొమ్ముతో, కడుపుతో వినేది. మొదటి రోజు తిన్నది అరగలేదు. పోలరాజు, ఈ నాగేంద్రబాబు తండ్రే, అప్పటికే పాతకాపు ఫిట్టరు, బయటికి లాక్కొచ్చి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "సెవుల్లో దూదెట్టుకుంటే మిసనేటి సెప్తందో నీకెలగ తెలుత్తాది బాబూ? తీసెయ్." తీసేశాడు. పోలరాజు చేతిలో మూరెడు స్క్రూడ్రైవరు, దాని మొన బేరింగు పెట్టె మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కి పట్టించి, కళ్ళు మూసుకోమన్నాడు. అంత మోతలోంచి, ఆ ఇనప పుల్ల గుండా, లోపలెక్కడో తిరుగుతున్న గుండ్ల చప్పుడు సన్నగా, స్పష్టంగా తలలోకి వచ్చేసింది. ఒళ్ళు జలదరించింది. "తిరగలిలోంచి పిండి పడతన్నట్టుంటే బేరింగు బాగున్నట్టు. ఇసక పడతన్నట్టుంటే దాని పనైపోయినట్టు." ఆ తర్వాత ఎన్నేళ్ళు, ఎన్ని బేరింగులు. కొలతలు చూపించే యంత్రాలు వచ్చాక కూడా పెద్ద సాహెబులు కాగితం చూసి, ఆ తర్వాత "భీమశంకర్ చెవి పెట్టాడా?" అనడిగేవారు. చెవి పెట్టాడంటే సంతకం పడినట్టే. ఇప్పుడూ అంతే, ఇక్కడా అంతే, బల్ల మీద నాగేంద్రబాబు స్క్రూడ్రైవరు పడుంది కదా, అందుకున్నాడు, రాగి కూలరు అంచు మీద మొన పెట్టి పిడి చెవి వెనక నొక్కాడు. పిండి. ఎంత మెత్తటి పిండి! జల్లెడ పట్టిన బియ్యప్పిండి. పెద్దదానికి పెట్టాడు, కాస్త వణుకు, కాస్త గరుకు, చెడ్డదేమీ కాదు గానీ దీని ముందు దిగదుడుపే. ఇంకేం కావాలి? పక్కా ఏమిటిరా పక్కా. నీ బాబు నేర్పిన విద్యేరా ఇది.

అయినా ఆ చూపేమిటి? జాలి పడ్డట్టు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, పెద్దది ఊపిరి తీస్తోంది, చిన్నది మౌనవ్రతం పట్టింది. మౌనం అంటే ఆయనకి ఇష్టమే, ఆయన ఇంట్లో అది కరువు. బ్లోయర్ హౌస్ వాళ్ళ ఇళ్ళన్నీ అంతే, మంచినీళ్ళు ఇమ్మన్నా కొట్లాటలా ఉంటుంది. "వీధంతా తాగాలా ఆ నీళ్ళు, మీరొక్కరే తాగాలా?" అంటుంది భార్య రమణి. వెనక నుంచి ఏవండీ అని పిలిస్తే పలకడు, రెండోసారీ పలకడు, మూడోసారి భుజం తడితే ఉలిక్కిపడతాడు. "ఒళ్ళిక్కడున్నా మనసక్కడే, ఆ మిషన్ల దగ్గరే," అని పక్కింటావిడతో సగం విసుగ్గా సగం గొప్పగా చెప్పుకుంటుంది. నిజమే కదా, మనసక్కడే. లోపల మాటలు పనికిరావు, అందుకే అక్కడ చేతులు మాట్లాడతాయి. ముంజేతులు అడ్డంగా పెడితే ఆపెయ్యమని. చిటికెన వేలు చెవి పక్కన గిరగిరా తిప్పితే ఎక్కడో గాలి కారి ఈల వేస్తోందని. అరచెయ్యి బోర్లించి మెల్లగా కిందికి దించితే, బాగుంది, నిలకడగా ఉంది, కంగారు లేదని. టీ తాగుదాం రా, మీ ఆవిడ పురిటికి వెళ్ళిందిట కదా, బోనస్ పడిందా, అన్నీ చేతులే. ఎంత చెప్పుకునేవాళ్ళు, ఎంత నవ్వుకునేవాళ్ళు. బయటికొచ్చాకే మాటలు కరువు. చిత్రం.

చెవి అంటే గుర్తొచ్చింది, ఆ డిమ్నా పిక్నిక్. గుర్తొస్తే ఇప్పటికీ ఆయన ఛాతీ పొంగుతుంది. తెలుగు సంఘం వాళ్ళు శీతాకాలంలో సరస్సు ఒడ్డున పెట్టిన పిక్నిక్, భోజనాలకి ముందు పెద్దవాళ్ళెవరైనా నాలుగు మాటలు చెప్పాలంటే సంఘం పెద్ద సీతారామరావు గారు మైకు తెచ్చి చేతిలో పెట్టారు. ఏం మాట్లాడాలో తోచక, చాలాకాలంగా మనసులో నలుగుతున్న సంగతి ఎత్తుకున్నాడు. కీచురాళ్ళు. మేం ఈ ఊరొచ్చిన కొత్తలో, అన్నాడు, పొద్దు గూకితే అగ్రికోలో పెరడు పెరడంతా కీచురాళ్ళ అరుపులతో మారుమోగిపోయేది, మాటలు వినబడేవి కావు, ఇప్పుడేవీ? దోమల మందని పొగ కొట్టాం, చెట్లు నరికాం, సిమెంటు పోశాం, అవి ఒక్కటొక్కటిగా నోరు మూసుకుని పోయాయి, రేపు పిచ్చికలు పోతాయి, ఎల్లుండి మనం. గొంతు కాస్త వణికింది కూడా. ముందు వరసలో కుర్చీలేసుకుని కూర్చున్న బ్లోయర్ హౌస్ వాళ్ళందరూ అవునవునని తలలూపారు, మాకూ వినబడడం లేదు సుమా అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చప్పట్లు మోగిపోయాయి. ఆడవాళ్ళంతా అవతల పొయ్యిల దగ్గర పులిహోర కలుపుతున్నారు, పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు, లేకపోతే ఇంట్లో వాళ్ళు కూడా వినుండేవారు. ఆ తర్వాత ఎక్కడ కలిసినా భీమశంకర్ గారూ, మీ కీచురాళ్ళ ఉపన్యాసం, అని జనం తలుచుకుంటూనే ఉన్నారు. ఇంకా రాలేదేమిటి వీడు. క్లిప్పు తేవడానికి వెళ్ళాడా, పోత పోయించడానికి వెళ్ళాడా?

అవతలి బెంచీ మీద ఎవరో ఉన్నారు. ప్రింటర్‌లో ఇంకు నింపించుకోవడానికొచ్చిన ఆవిడ, టీచరమ్మలా ఉంది, ఒళ్ళో జవాబు పత్రాల కట్ట. ఆయనకేసి చూసి ఏదో అంది. నోరు కదిలింది, భాయ్ సాబ్ అని తెలిసింది, చివర బంద్ అని తెలిసింది, మధ్యలోది మధ్యలోనే పోయింది. పాపం, పెద్దదాని మోత ఇబ్బందిగా ఉందన్నమాట. చూశావా, పైవాళ్ళకి కూడా తెలుస్తోంది. పెద్ద ఫ్యాను తీగ పీకేశాడు. గది ఒక్కసారి హాయిగా అయిపోయింది. కానీ ఆవిడ నుదురు విడలేదు. చీర కొంగు చెవిలోకి దోపుకుని, వేలు చూపించి మళ్ళీ ఏదో అంది. వో నహీ. దూస్రా. దూస్రా ఏమిటి, రెండోది ఏ చప్పుడూ లేకుండా తన మానాన తాను తిరుగుతుంటే? సరే ఆవిడ తృప్తి కోసమని రాగిదాని తీగ పీకాడు. ఆవిడ మొహం విప్పారింది. భుజాలు కిందికి దిగాయి, కొంగు చెవిలోంచి తీసేసింది, ఉఫ్ అంది, నవ్వింది. భీమశంకర్ నవ్వలేదు. తీగ మళ్ళీ గుచ్చాడు. రెక్కలు మాయమయ్యాయి, చప్పుడు లేదు, ఆవిడ మొహం చింతకాయ కొరికినట్టయింది. పీకాడు. విప్పారింది. గుచ్చాడు. ముడుచుకుంది. మూడోసారికి ఆవిడ, ఈ మనిషికి మతి లేదని నిర్ణయించుకుని కాబోలు, కాగితాల కట్ట ఎత్తుకుని పోయి మెట్ల దగ్గర నించుంది. భీమశంకర్ తీగ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అరుస్తోంది. ఈ రాగి ముద్దుబిడ్డ ఇందాకట్నుంచి గొంతు చించుకుని అరుస్తోంది, ముక్కు కింద, మూరెడు దూరంలో, తనకి తప్ప అందరికీ. మెత్తటి పిండిట, బియ్యప్పిండిట! భయం వేసింది. కొత్త భయం కాదు, ఎన్నాళ్ళుగానో తలుపు బయట నిలబెట్టి ఉంచింది, ఇప్పుడు తోసుకుని లోపలికొచ్చి కూర్చుంది. తెలీదా తనకి? తెలుసు. ఏటేటా పెద్దాసుపత్రిలో చెవి పరీక్ష, చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, కూత వినబడినప్పుడల్లా మీట నొక్కమంటారు. మొదట్లో విని నొక్కేవాడు. తర్వాత తర్వాత, గాజు పలక అవతల కూర్చున్న ఆ మనిషి భుజం చూసి నొక్కేవాడు, కూత వేసినప్పుడల్లా ఆ భుజం రవ్వంత లేస్తుంది మరి. మోసం అనుకోలేదు, అంత గమనింపు ఉండడం కూడా ఒక విద్యే అనుకున్నాడు. పాసయ్యాడు, పాసవుతూనే ఉన్నాడు. సోమవారం మళ్ళీ రమ్మన్నారు, ఈసారి కొత్త గది, అద్దం లేదుట, నాలుగువైపులా గోడలేట. అందుకే కదా వారం రోజులుగా అన్నం సయించడం లేదు, రమణి వడదెబ్బ అనుకుని మజ్జిగ పట్టిస్తోంది. పరీక్ష తప్పితే బ్లోయర్ హౌస్ లోంచి తీసేస్తారు, ఎక్కడో మేడ మీద ఏసీ గదిలో బల్లిచ్చి కూర్చోబెడతారు. భీమశంకర్ చెవి పెట్టాడా అని అడిగేవాడుండడు. చెవి లేని భీమశంకర్ ఎవరు? ఆ మనిషిని ఆయన ఎరగడు.

ఎరగకపోవడమేం, చూశాడు. పోలరాజు రిటైరైన కొత్తలో భాలుబాసాలో వాళ్ళింటికి వెళ్తూ ఉండేవాడు, తర్వాత మానేశాడు. పండగపూట ఇంటినిండా జనం, మనవలు, కబుర్లు, మధ్యలో కుర్చీలో పోలరాజు, నవ్వుతూ. అందరూ నవ్వినప్పుడు నవ్వుతాడు, ఒక క్షణం ఆలస్యంగా. ఆ ఆలస్యం చూసే భీమశంకర్ మరి వెళ్ళలేదు. పనుల ఒత్తిడి అన్నాడు, దూరం అన్నాడు. ఎంత దూరం, ఇక్కణ్ణుంచి కూతవేటు! కూత. ఇప్పుడు తనూ అలాగే నవ్వుతున్నాడా? మొన్న టీవీ ముందు మనస్వి పగలబడి నవ్వితే దాని మొహం చూసి నవ్వాడు, ఎందుకో తెలీదు. మనస్వి. ఆ పేరు ఏరి ఏరి తనే పెట్టాడు, మధ్యలో సకారం ఉంది, ఎవరైనా పిలుస్తుంటే ఇప్పుడా సకారం వినబడుతోందా, తనకి తెలుసు కాబట్టి ఉందనుకుంటున్నాడా? ఆ సీడీ పాఠంలో దోమ రొద ఉంది. ఉండే ఉంటుంది. కళ్ళు లేని పిల్లలు, చెవులే సర్వస్వమైన పిల్లలు, తలనొప్పిగా ఉందక్కా అంటే, మీ ప్లేయరే పాడైందన్నాడు, ఎంత ధీమాగా అన్నాడు. ఈ రాగిదాన్ని కూడా అంత ధీమాగానూ ఆ గదిలో బిగించేసి, వెళ్ళి వరండాలో హాయిగా కూర్చునేవాడు. అది అరుస్తూ ఉండేది, పిల్ల చదువుతూ ఉండేది, నాన్న ఎంచాడు కదా అని కిమ్మనకుండా చదువుతూ ఉండేది. సిగ్గుగా ఉంది. ఎవరి మీదో కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియడం లేదు. లేచి వెళ్ళిపోదామా? పిల్ల వస్తుంది, ఏమని చెప్పాలి? ఏమీ చెప్పక్కర్లేదు, ఏది మంచిదో ఇప్పుడు తెలిసింది కదా, టీచరమ్మ మొహం చెప్పేసింది కదా, పెద్దది అనాలి, అంతే, అయిపోయింది. ఈ పరీక్షా పాసే. రాగిదాని తీగ పీకి పక్కన పెట్టాడు.

మెట్ల మీద నాగేంద్రబాబు తల కనబడింది, చేతిలో క్లిప్పు, వెనకాల దుపట్టాతో మొహం తుడుచుకుంటూ మనస్వి. నాగేంద్రబాబు ముందు మెట్ల దగ్గర నించున్న టీచరమ్మని చూశాడు, తీగలు పీకేసి ఉన్న రెండు కూలర్లని చూశాడు, ఆ తర్వాత భీమశంకర్ మొహం చూశాడు. మనస్వి ఇంకా చెప్పులు విడుస్తోంది. నాగేంద్రబాబు బల్ల మాటున, పిల్లకి కనబడకుండా చెయ్యెత్తి, రాగిదాని వైపు గడ్డం చూపించి, చిటికెన వేలు చెవి పక్కన గిరగిరా తిప్పాడు. ఈల వేస్తోంది. పెద్దదాని వైపు చూపించి, అరచెయ్యి బోర్లించి మెల్లగా కిందికి దించాడు. బాగుంది, నిలకడగా ఉంది, కంగారు లేదు. బ్లోయర్ హౌస్ గోడలు దాటి ఆ మాటలు బయట వినడం భీమశంకర్‌కి ఇదే మొదటిసారి. తెలుగులో ఒక్క జవాబూ చెప్పని ఈ కుర్రాడు, చెవులు పోయిన తండ్రితో ఇన్నేళ్ళూ ఇంట్లో ఈ భాషే మాట్లాడుతున్నాడన్నమాట. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకు తిరిగాయో ఆలోచించే వ్యవధి లేదు.

"నాన్నా, ఫైనల్ కియా? ఏది?"

"పెద్దది," అన్నాడు.

మనస్వి తనే తీగలు గుచ్చి చూసింది. చిన్నది పెట్టగానే అబ్బా అని మొహం చిట్లించి లాగేసింది. పెద్దది పెట్టి కళ్ళు మూసుకుంది, రికార్డింగుకి ముందు ఎలా మూసుకుంటుందో అలాగ. కాసేపటికి మొహమంతా నవ్వు. "ఎంత శాంతంగా ఉంది నాన్నా! ఇది చాలు, పుస్తకం మొత్తం అయిపోతుంది. దేఖా భయ్యా? మా నాన్న చెవంటే చెవే." నాగేంద్రబాబు అవునన్నట్టు తలాడించి క్లిప్పు మీదకి వంగిపోయాడు, తలెత్తలేదు. అయిపోయింది. పరీక్ష పాసు. ఇక ఊఁ అంటే చాలు, ఏ పొడి నవ్వో నవ్వితే చాలు, ఆటో ఎక్కి ఇంటికెళ్ళిపోవచ్చు. కూతురు ఆయన చెవినే చూస్తోంది, మురిపెంగా, ఏదో పతకం చూసినట్టు. ఆ చూపు మొయ్యడం భీమశంకర్ వల్ల కాలేదు.

"నేను వినలేదమ్మా," అన్నాడు.

"మరి?"

"నాగేంద్ర చెప్పాడు. ఆ చిన్నది నాకు వినబడదు. ఇందాకట్నుంచి నా ముందే తిరిగింది. ఏం వినబడలేదు. నీ సీడీలో దోమ కూడా నాకు వినబడలేదు. అది వాళ్ళ ప్లేయర్ తప్పు కాదు." ఎప్పటిలాగే గొంతు పెద్దదిగా ఉంది కాబోలు, మెట్ల దగ్గర టీచరమ్మ కూడా ఇటు తిరిగింది.

మనస్వి పక్కకి తిరిగి ఏదో అంది. ఆయనకి అందలేదు. అప్పుడామె ఎదురుగా వచ్చి, ఆయన మొహం తనవైపు తిప్పుకుని, ఆ హాస్టల్ పిల్లలకి పాఠం చదివేటంత నెమ్మదిగా అడిగింది. "ఎప్పట్నుంచి నాన్నా?"

ప్రతి అక్షరం అందింది. ఎప్పట్నుంచి. ఆయనకీ అదే తెలియాలి. గాజు పలక దగ్గర్నుంచా, అంతకు ముందా, ఎన్నేళ్ళ ముందు? వెతుక్కుంటూ వెనక్కి వెనక్కి వెళ్తుంటే ఎక్కడా గుర్తు దొరకలేదు, చప్పుడు ఆగిపోయిన రోజు ఏ చప్పుడూ చెయ్యలేదు మరి. సరస్సు ఒడ్డున కుర్చీలు మాత్రం కనబడ్డాయి, ముందు వరసలో తలలూపుతున్న తన వాళ్ళు.

"అమ్మా," అన్నాడు. "మన పెరట్లో కీచురాళ్ళు ఇంకా అరుస్తున్నాయా?"

మనస్వి ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"రోజూ నాన్నా," అంది. "పొద్దు గూకితే చాలు. వాటి కోసమే కదా నేను కిటికీ మూసేది."